ఇచ్ఛాపురం నుంచి బరంపురం వచ్చిన కుటుంబం: పాత కాగితాలు ఏ ఆఫీసులో వెతకాలి?

చికిటి రోడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నాన్నగారి వైపు వంశవృక్షం రాసే పని పెట్టుకున్నాను. చేతిలో ఉన్నది తక్కువే. ముత్తాతగారి పేరు, ఇంటిపేరు, గోత్రం తెలుసు. సొంతూరు ఇచ్ఛాపురం దగ్గర ఒక పల్లె. 1930ల మొదట్లో బరంపురం వచ్చి ఊరి శివారున కొంత మెట్ట కొన్నారు. ఆయన తమ్ముడు రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. నాయనమ్మ పుట్టిల్లు గుణుపురం వైపు. తాతగారి పేరు చెప్పి జనన రిజిస్టరు వెతికిస్తే దొరకలేదు.

శ్రీకాకుళం వెళ్ళాలా, ఛత్రపురమా, భువనేశ్వరా, చెన్నైయా? భూలేఖ్ (ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైటు)లో తెలుగు పేర్లు ఎలా పట్టుకోవాలి? అచ్చు ఒడియా కూడబలుక్కుని చదవగలను, చేతిరాత రాదు.

ఫసలీ 1345

మనిషి పేరు పట్టుకుని బయల్దేరితే తిరుగుడే మిగుల్తుంది. ఊరు పట్టుకోండి. ఆ ఊరు ఏ ఏడాదిలో ఏ జిల్లా కింద, ఏ రాష్ట్రం కింద ఉందో ముందు ఒక కాగితం మీద రాసుకోండి. కాగితం పుట్టినప్పుడు ఊరు ఎవరి కింద ఉందో, రికార్డు ఆ కచేరీ లెక్కలో ఉంటుంది.

మీ మూడు ఊళ్ళకీ లెక్క ఇదీ. ఇచ్ఛాపురం 1936 మార్చి 31 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. కలెక్టరు కచేరీ ఛత్రపురంలో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డాక ఆ దక్షిణపు ముక్క విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం జిల్లా. బరంపురానికి జిల్లా మారలేదు, రాష్ట్రం మారింది. గుణుపురం కథ వేరు: 1936 దాకా అది విశాఖపట్నం జిల్లా, తర్వాత కోరాపుట్, 1992 అక్టోబరు 2 నుంచి రాయగడ జిల్లా. అంటే నాయనమ్మగారి పుట్టింటి పాత కాగితం కోసం గంజాం రికార్డులు ఎంత తిరగేసినా లాభం లేదు. పర్లాకిమిడి ఎస్టేటు వాళ్ళయితే ఇంకా చిక్కు. ఎస్టేటునే రెండుగా చీల్చారు, ఊరూరా చూసుకోవాల్సిందే.

పాత కాగితాల మీద తేదీ ఫసలీలో, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరంలో, ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జూలై 1న మొదలై మరుసటి జూన్ 30కి ముగుస్తుంది. నా పేరులోని 1345 అంటే 1935 జూలై నుంచి 1936 జూన్ వరకు. ఒడిశా పుట్టింది ఆ ఫసలీ మధ్యలోనే, కాబట్టి ఆ ఒక్క సంవత్సరపు లెక్కలు రెండు చోట్లా అడగాలి. సంవత్సరం పేరు ఒక్కటే రాసి ఉంటే తొందరపడొద్దు. 'ధాత' అంటే 1876 కావచ్చు, 1936 కావచ్చు, 1996 కూడా కావచ్చు.

జమీందారీ ఊళ్ళ పాత ఒడియా పత్రాల్లో 'అంకం' అని కనిపిస్తుంది. అది గజపతి రాజు ఏలుబడి సంవత్సరం. కానీ వరసగా లెక్కపెట్టరు. 1 ఉండదు, 6తో ముగిసేవి ఉండవు, 10 తప్ప సున్నాతో ముగిసేవీ ఉండవు. 19వ అంకం అంటే నిజానికి 16వ ఏడు. 25వ అంకం అంటే 21వ ఏడు. ఇది తెలియక తరం అటూ ఇటూ అయిన వంశవృక్షాలకు లెక్కలేదు.

ఇక భూమి. ఇచ్ఛాపురం వైపు ఊరు సర్కారు రైత్వారీయా (రైతే నేరుగా సర్కారుకి శిస్తు కట్టేది), జమీందారీయా, ఇనామా (మాన్యంగా ఇచ్చినది) అన్నది ముందు తేలాలి. రైత్వారీ అయితే సెటిల్‌మెంటు రిజిస్టరు అడగండి. తాసిల్దారు ఆఫీసులో 'డైగ్లాట్' అంటే తెలుస్తుంది. సర్వే నంబరు ఎదురుగా పట్టాదారు పేరు ఉంటుంది. జమీందారీ అయితే రైతు పేరు సర్కారు పుస్తకాల్లో గట్టిగా కనబడేది ఎస్టేట్లు రద్దయ్యాకే: ఆంధ్ర వైపు 1948 చట్టం, ఒడిశా వైపు 1951 చట్టం. ఇనామైతే మీ పంట పండినట్టే. 1858లో వేసిన ఇనాం కమిషన్ 1860ల్లో రాయించిన ఇనాం ఫెయిర్ రిజిస్టరులో ఇనాం ఎవరు ఇచ్చారో, మొదట ఎవరికిచ్చారో, అప్పుడు ఎవరి అనుభవంలో ఉందో, ఆయన వయసెంతో, అసలు ఇనాందారుకి ఏమవుతాడో అన్నిటికీ గడులున్నాయి. ఒక్క పేజీతో పద్దెనిమిదో శతాబ్దంలోకి వెళ్ళిపోవచ్చు. ముందు కలెక్టరేటు రికార్డు రూములో అడగండి, లేదంటే ఆర్కైవ్స్.

దస్తావేజు లేఖరి

మెట్ట కొన్నారన్నారు కదా, అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. కొన్నప్పుడు రిజిస్టరు అయ్యే ఉంటుంది. ఇంట్లో అసలు దస్తావేజు లేకపోయినా సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో నకలు పుస్తకంలో ఉంటుంది.

అక్కడి పుస్తకాలు తెలియకపోతే ఏమడగాలో తెలీదు, వాళ్ళు 'లేదు' అనేస్తారు. 1వ పుస్తకం స్థిరాస్తి దస్తావేజులది: క్రయం, తనఖా, దానం, పంపకం. 3వ పుస్తకం వీలునామాలది. 4వది మిగతావాటిది, ముక్త్యారునామాల్లాంటివి (పవర్ ఆఫ్ అటార్నీ). 1వ పుస్తకానికి రెండు సూచికలు: ఒకటో ఇండెక్సు రాసిచ్చినవాళ్ళ, రాయించుకున్నవాళ్ళ పేర్లతో, రెండోది ఊరు, ఆస్తి వారీగా. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం 1వ పుస్తకమూ దాని ఇండెక్సులూ రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. 'మీకేం సంబంధం' అంటే ఆ సెక్షన్ చెప్పండి. వీలునామా అలా కాదు. రాసినాయన బతికుండగా ఆయనకే ఇస్తారు, పోయాక మాత్రం ఎవరు దరఖాస్తు పెట్టినా నకలు ఇవ్వాలి. 3, 4 పుస్తకాలు మీ చేతికివ్వరు, రిజిస్ట్రారే వెతికి చూస్తాడు. కాబట్టి మరణ ధ్రువపత్రం జత చేసి, పేరూ సంవత్సరాలూ స్పష్టంగా రాసివ్వండి.

వెతుకుడు రుసుము సంవత్సరాల లెక్కన పడుతుంది. '1900 నుంచి 1950' అని రాస్తే డబ్బూ పోతుంది, గుమాస్తా ఓపికా పోతుంది. ఐదేళ్ళ ముక్కలుగా అడగండి. మీది 1930 నుంచి 1935 మొదటి ముక్క. కంప్యూటర్లో వచ్చే ఈసీని (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రాన్ని) నమ్ముకోవద్దు. ఆంధ్ర వైపు ఆన్‌లైన్ ఈసీ 1983 జనవరి నుంచే ఉంది, అంతకుముందుది పుస్తకంలోనే చూడాలి.

దస్తావేజుల్లో మీకు అన్నిటికంటే విలువైనది పంపకాల దస్తావేజు. క్రయ దస్తావేజులో మనిషి, తండ్రి, కులం, వృత్తి, ఊరు ఉంటాయి. అంతే. పంపకాల దానిలో అన్నదమ్ములందరూ వయసులతో సహా వస్తారు, మైనర్లకి గార్డియన్ ఎవరో ఉంటుంది, చనిపోయిన అన్న తరఫున వదినగారు సంతకం పెడుతుంది. ఆడవాళ్ళ పేర్లు దొరికేదీ అక్కడే. మనోవర్తి కింద ఇంత, పసుపుకుంకాల కింద ఇంత అని రాసినచోట అత్తగారు, ఆడపడుచులు, వాళ్ళని ఇచ్చిన ఊళ్ళు కనిపిస్తాయి.

ఇంకో సంగతి. దస్తావేజు చివర హద్దులు వదిలేయకండి. 'తూర్పు: మా జ్ఞాతులు ఫలానా వారి భూమి' అని ఉంటే ఆ ఫలానావారు మీ ముత్తాతగారి పెదతండ్రి కొడుకులు. ఆ పేరుతో మళ్ళీ ఒకటో ఇండెక్సు వెతికించండి, పక్క కొమ్మ మొత్తం దొరుకుతుంది. ఇంటిపేరు ఒకటే కదా అని కలిపేయొద్దు. ఇంటిపేరు ఒకటై గోత్రం వేరైతే వాళ్ళు మీవాళ్ళు కారు.

జనన రిజిస్టరులో దొరకలేదన్నారు. దొరకదు. ఆ రోజుల్లో పుట్టిన వారం పది రోజుల్లో, ఇంకా బారసాల కాకముందే రాయించేవారు. పేరు గడిలో 'మగ శిశువు' అనో, ఖాళీగానో ఉంటుంది. తండ్రి పేరుతో, పుట్టిన నెల అంచనాతో అడగాలి. అది పట్నంలో మున్సిపాలిటీ రిజిస్టరు, పల్లెలో గ్రామ మునసబు రాసినది. పల్లె రిజిస్టర్లు ఏటా పైకి పోయేవి, అందుకే ఊళ్ళో లేదంటే తాలూకాలో అడగండి. ముత్తాతగారి మరణ రికార్డు అయితే పేరుతోనే ఉంటుంది, అది ముందు తీయండి.

ఆస్కా రోడ్డు

బరంపురం భూమి గురించి నేను చెప్తాను. భూలేఖ్‌లో జిల్లా గంజాం, తహసీల్ 'బ్రహ్మపుర', తర్వాత మౌజా, అంటే రెవెన్యూ గ్రామం. బరంపురం అని చూస్తే కనబడదు. ఖాతా నంబరుతో, ప్లాటు నంబరుతో, రైతు పేరుతో మూడు విధాలా వెతకొచ్చు. పేరుతో వెతికితే జాబితా ఒడియా అక్షరాల్లో వస్తుంది. అక్కడే మన పేర్లు తారుమారవుతాయి.

ఒడియాలో మన 'వ'కి బదులు 'బ' రాస్తారు. వెంకటరమణ 'బెంకట రమణ' అవుతాడు, వీరభద్రుడు 'బీరభద్ర' అవుతాడు. కాబట్టి జాబితాలో వ దగ్గర కాదు, బ దగ్గర చూడండి. ఎ-ఏ తేడా లేదు, ఒ-ఓ తేడా లేదు. చివరి డు, ము, వు తరచు ఎగిరిపోతాయి. ఒత్తులు ఒంటి అక్షరాలవుతాయి: అప్పన్న 'ఆపనా' కావచ్చు. 'య'తో మొదలయ్యే పేరు జ అని పలికే అక్షరంతో పడొచ్చు. రావు 'రాఓ' అవుతుంది. ఇంటిపేరు ముందు కాక వెనక చేరుతుంది, ఒక్కోచోట ఇంటిపేరే మాయమై ఆ స్థానంలో రావు, ఆచారి, పాత్రో, దొర నిలబడతాయి. అందుకే ఇంటిపేరుతో వెతికి లేదనుకోవద్దు. ముత్తాతగారి పేరుకి నాలుగైదు రూపాలు ముందే రాసి పెట్టుకుని జాబితా మొత్తం కిందికి జరుపుతూ చూడండి.

ఆర్‌ఓఆర్ (భూమి హక్కుల పత్రం) మొదటి పేజీలో రైతు గడిని జాగ్రత్తగా చదవండి. 'పి:' అంటే పితా, తండ్రి. 'స్వా:' అంటే స్వామి, భర్త. 'జా:' జాతి, అంటే కులం. 'బా:' బాసస్థానం, నివాసం. ఈ నాలుగో గడి మీకు ముఖ్యం. 'బా:' దగ్గర ఇచ్ఛాపురం పల్లె పేరు ఉంటే మీవాళ్ళేనని దాదాపు ఖాయం. 'బా: నిజగాం' అని ఉంటే ఆ మౌజాలోనే ఉంటున్నవాళ్ళు.

స్క్రీను మీద కనిపించేది 'హాల్' రికార్డు, అంటే చివరి సెటిల్‌మెంటుది. మీకు కావాల్సింది 'సాబిక్', దానికి ముందుది. అది ఆన్‌లైన్‌లో వెతుక్కునేది కాదు. హాల్ ప్లాటు నంబరు చూపించి, సాబిక్-హాల్ పట్టిక ప్రకారం పాత ఖాతా నంబరు ఏదో తహసీల్‌లో తెలుసుకుని, ఆ ఖాతా ధ్రువీకృత నకలుకి దరఖాస్తు పెట్టాలి. తహసీల్‌లో లేకపోతే ఛత్రపురం కలెక్టరేటు రికార్డు రూము.

ఆర్‌ఓఆర్ మీద మ్యుటేషన్ కేసు నంబరు ఏదైనా కనిపిస్తే ఒడిసిపట్టుకోండి. తండ్రి పోయాక కొడుకుల పేర్లకి మార్చినప్పటి ఫైలు అది. అందులో వంశావళి జత చేసి ఉంటుంది, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు విచారణ రిపోర్టు ఉంటుంది. ఒక తరం ఎవరెవరో సర్కారు ముద్రతో వస్తుంది. సమాచార హక్కు కింద అడగాలనుకుంటే ఒడిశాలో 'ఫారం ఎ'లోనే పెట్టాలి, తెల్లకాగితం మీద రాస్తే తిప్పి పంపుతారు. అయితే నకళ్ళకి మామూలు దరఖాస్తు దారి ఉన్నచోట ముందు అదే పెట్టండి, అదే త్వరగా వస్తుంది.

చికిటి రోడ్డు

అందరికీ ధన్యవాదాలు. భూలేఖ్‌లో బ దగ్గర చూస్తే ముత్తాతగారి పేరుతో ఇద్దరు కనిపించారు. ఒకరికి 'పి:' దగ్గర మేము విన్న పేరే ఉంది, రెండోవారికి వేరే పేరు. ఇద్దరికీ 'బా:' నిజగాం. వీళ్ళలో మా ముత్తాతగారు ఎవరో ఎలా తేల్చాలి? తద్దినం తిథి ఒక్కటే తెలుసు: మాఘ బహుళ ఏకాదశి. పోయిన సంవత్సరం తెలీదు, 1941–46 మధ్య అంటారు.

గుణుపురం వాసి

మాస్టారూ, తిథి తెలిస్తే సగం పని అయిపోయినట్టే. మాఘ బహుళ ఏకాదశి ఏడాదికి ఒక్కసారే వస్తుంది. ఆరేళ్ళకి ఆరు తేదీలు. పాత పంచాంగాల్లోంచో తిథులు లెక్కకట్టే వెబ్‌సైట్లలోంచో ఆ ఆరూ తీయండి. ఒక్కో తేదీకి ముందొక రోజు, వెనక వారం రోజులు కలిపి మరణ రిజిస్టరు చూడమనండి. ముందు ఒక రోజు ఎందుకంటే తిథి సూర్యోదయంతోనే మారదు, రోజులో ఏ వేళైనా మారవచ్చు. వెనక వారం ఎందుకంటే రిజిస్టరులో పోయిన తేదీ, రాయించిన తేదీ రెండూ ఉంటాయి, గుమాస్తా రెండోదే చూసి లేదనొచ్చు. మరణ రికార్డులో తండ్రి పేరు, వయసు, ఉన్న వీధి ఉంటాయి. ఆ ఇద్దరిలో మీవారు ఎవరో తేలిపోతుంది.

ఒక్క మెలిక ఉంది. ఆ తిథి చెప్పింది తెలుగు పురోహితుడా, ఒడియా పురోహితుడా? మనకి నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియా పంజికలో పున్నమితో. మన మాఘ బహుళం వాళ్ళకి ఫాల్గుణ కృష్ణపక్షం. మన శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి అయితే వాళ్ళకి ఫాల్గుణ చతుర్దశి, రోజు మాత్రం ఒకటే. ఒడియా లెక్కలో 'మాఘ కృష్ణ ఏకాదశి' అని రాసినదాన్ని మీరు తెలుగులో చదివితే సరిగ్గా నెల తేడా వస్తుంది.

మీ తాతగారు వాడిన తర్పణాల పట్టీ ఇంట్లో ఎక్కడైనా ఉందేమో చూడండి. మీరు చేసే తర్పణంలో తండ్రి, తాత, ముత్తాత వస్తారు. తాతగారి పట్టీలో ఆయన తండ్రి, తాత, ముత్తాత ఉంటారు, అంటే మీ ముత్తాతగారి మీద ఇంకో రెండు తరాలు. పైగా తల్లి వరసలో ముగ్గురు ఆడవాళ్ళు, మాతామహుల వరసలో ముగ్గురు మగవాళ్ళు పేరూ గోత్రంతో సహా. తర్పణాల ఆచారం లేని ఇళ్ళలో సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు ఎవరి పేర్లు పిలుస్తారో ఇంట్లో పెద్దామెని అడిగి రాసుకోండి. అవి రికార్డు కాదంటారు గాని, రికార్డులో ఏ పేరు వెతకాలో చెప్పేవి అవే.

పూరీ, గయ పండాల (తీర్థపురోహితుల) బహీలు, అంటే యాత్రికుల వివరాలు రాసుకునే పుస్తకాలు, మరిచిపోకండి. పండాకి మీ ఊరు ఇప్పటి జిల్లాతో చెప్పొద్దు. 'గంజాం జిల్లా, ఇచ్ఛాపురం తాలూకా, ఫలానా పల్లె' అని పాత లెక్కలో చెప్పండి, ఆయన పుస్తకాలు ఆ లెక్కలోనే కట్టి ఉంటాయి. వెళ్ళినాయన పేరు, కొడుకులు, అన్నదమ్ములు, తేదీ, కింద సంతకం ఉంటాయి. సంతకం తెలుగులో మీవాళ్ళ చేతిరాతే కావచ్చు. ఫ్యామిలీసర్చ్‌లో తీర్థపురోహితుల బహీల ఫోటోలు ఉచితంగా ఉన్నమాట నిజమే గాని, ఎక్కువగా హరిద్వార్ వైపువి, నాగరి చేతిరాత. మన జిల్లాలకి దానిమీద ఆశ పెట్టుకోవద్దు.

నాయనమ్మగారి వైపు క్రైస్తవులు ఎవరైనా ఉంటే పని సులువు. కోరాపుట్, జయపురం, సాలూరు వైపు లూథరన్ మిషన్, పర్లాకిమిడి, టెక్కలి వైపు కెనడియన్ బాప్టిస్టు మిషన్. చర్చి పుస్తకాల్లో బాప్తిస్మం, పెళ్ళి, సమాధి తేదీలు కుటుంబాల వారీగా ఉంటాయి.

ఫసలీ 1345

రంగం వెళ్ళిన తమ్ముడి గురించి ఎవరూ చెప్పలేదు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. గోపాలపురంలోనో కళింగపట్నంలోనో ఓడెక్కితే పాస్‌పోర్టు అక్కర్లేదు. అందుకే ఆయన పేరుతో ప్రయాణ కాగితం కోసం వెతకడం దండగ. ఫిజీ, నేటాల్, మారిషస్ వెళ్ళినవాళ్ళు అగ్రిమెంటు కూలీలు. వాళ్ళకి నంబరు ఉంది, తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీద గుర్తులతో సహా కాగితం ఉంది. ఫిజీవి అక్కడి జాతీయ ఆర్కైవ్స్‌లో, మారిషస్‌వి మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో. కూలీలను తీసుకెళ్ళే రంగం మేస్త్రీతో వెళ్ళినాయనకి అదేమీ లేదు. ఆయన కనిపించేది ఇక్కడి దస్తావేజుల్లోనే. రంగం డబ్బుతో కొన్న భూమికి 'ప్రస్తుతం రంగూన్‌లో వుంటూన్న' అని రాసి ఉంటుంది, లేదా అన్నగారికి ఇచ్చిన ముక్త్యారునామా 4వ పుస్తకంలో ఉంటుంది. ఆ సంతానం 1964 తర్వాత కాందిశీకులుగా తిరిగొచ్చి ఉంటే వాళ్ళ గుర్తింపు కాగితాల్లో తండ్రి పేరు, సొంతూరు ఉంటాయి.

చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్ చివరికి పెట్టుకోండి. గంజాం జిల్లా రికార్డులు, రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్ అక్కడున్నాయి, నిజమే. కానీ అవి తేదీ వారీగా, విషయం వారీగా కట్టినవి, మనుషుల పేర్లతో కాదు. మీవాళ్ళలో కరణం, ఇనాందారు, సర్కారు ఉద్యోగి, లేదా జమీందారు మీద దావా వేసినాయన ఉన్నట్టు తేలితే, ఆ ఫసలీ తెలిస్తే అప్పుడు వెళ్ళండి. మామూలు రైతు పేరు కోసం అక్కడ కూర్చుంటే పది రోజులకి దుమ్ము తప్ప ఏమీ రాదు. జనాభా లెక్కల పుస్తకాలు చూద్దామనీ ఎవరో ఒకరు చెప్తారు. మనిషి పేరుతో ఉన్న షెడ్యూళ్ళు చట్టప్రకారం ఎవరికీ చూపించరు. ఊళ్ళ జాబితాకి మాత్రం పాత జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కులు బాగా పనికొస్తాయి.

ఇటు తరాలు కలపడానికి 2002 ఓటర్ల జాబితా చూడండి. తండ్రి లేదా భర్త పేరు, వయసు, ఇంటి నంబరు వరసలో ఉంటాయి, ఒక ఇంట్లో వాళ్ళంతా ఒకేచోట కనిపిస్తారు.

దస్తావేజు లేఖరి

నకలు చేతికొచ్చాక రాత గొలుసుకట్టులో ఉంటే కంగారు పడొద్దు. దస్తావేజు మొదటి నాలుగు పంక్తులూ ఎప్పుడూ ఒకే మూసలో ఉంటాయి: తేదీ, రాయించుకున్నవారి ఊరు పేరు, రాసిచ్చినవారి ఊరు పేరు. ఆ మూస తెలిసిన అచ్చు దస్తావేజు ఒకటి పక్కన పెట్టుకుని అక్షరాలు పోల్చండి, గంటలో చెయ్యి తిరుగుతుంది. అంకెలు తెలుగువైతే ౧కి ౯కి పొరబడతారు, తేదీని అక్షరాల్లో రాసిన చోటితో సరిచూసుకోండి. నకలు మీద దస్తావేజు నంబరు, సంవత్సరం, వాల్యూం, పేజీలు నాలుగూ ఉన్నాయో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి. అవి లేకపోతే రెండోసారి ఇండెక్సు నుంచి మొదలుపెట్టి మళ్ళీ రుసుము కట్టాలి.